కోడ్ రాశారు సరే.. రిలీజ్ చేయగలరా?

రెజ్యూమెలో ‘గిట్, గిట్‌హబ్’ అని రాయని బీటెక్, ఎంసీఏ విద్యార్థి ఇప్పుడు అరుదు. యాడ్, కమిట్, పుష్.. ఈ మూడూ వస్తే గిట్ వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. మరి ఇంటర్వ్యూలో ప్రశ్న ఇలా వస్తే? ‘మీ సాఫ్ట్‌వేర్ కస్టమర్ దగ్గర నడుస్తోంది. అందులో ఓ తప్పు బయటపడింది. ఈలోగా మీ మెయిన్ బ్రాంచ్‌లో కొత్త ఫీచర్ సగం చేరి ఉంది. తప్పు సరిదిద్ది ఈ రోజే పంపాలి. ఏం చేస్తారు?’

యాడ్, కమిట్, పుష్‌తో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. బ్రాంచ్ ఎందుకు, ట్యాగ్ ఎందుకు అన్నది తెలిసినవారే చెప్పగలరు. కాలేజీ ప్రాజెక్టుకూ కంపెనీ ప్రాజెక్టుకూ పెద్ద తేడా ఇక్కడే ఉంది. కాలేజీలో వైవా అయిపోతే కోడ్ పని అయిపోయినట్టే. కంపెనీలో రిలీజ్ అయ్యాకే అసలు పని మొదలవుతుంది.

45 నిమిషాల పాఠం

ఏ వెర్షన్ ఎక్కడ నడుస్తోందో పట్టించుకోకపోతే ఏమవుతుంది? అమెరికాలో 2012 ఆగస్టు 1న జరిగిన సంఘటన చూడండి. నైట్ క్యాపిటల్ అనే స్టాక్ ట్రేడింగ్ సంస్థ తన ఆర్డర్లు పంపే సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్ పెట్టింది. మొత్తం ఎనిమిది సర్వర్లు. ఏడింటిలో కొత్త కోడ్ చేరింది. ఒకదానిలో ఎక్కించడం మర్చిపోయారు. సరిగ్గా ఎక్కిందో లేదో రెండో మనిషి చూసే పద్ధతి కూడా లేదు.

ఆ ఎనిమిదో సర్వర్‌లో ఎన్నో ఏళ్లుగా వాడకుండా వదిలేసిన పాత కోడ్ ఉంది. మార్కెట్ తెరవగానే అది మేల్కొంది. సుమారు 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాటే అని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ తన ఉత్తర్వులో రాసింది.

ఇందులో మీరు గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. సమస్య ఎక్కడుందో తెలియక, సిబ్బంది ఓ దశలో సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో పాత కోడ్ వాటిలోనూ పనిచేయడం మొదలుపెట్టింది. నష్టం ఇంకా పెరిగింది. మరుసటి ఏడాది ఆ సంస్థ మరో కంపెనీలో విలీనమైపోయింది.

ఇది ఒక్క గిట్‌తో తీరిపోయే సమస్య అని చెప్పలేం. కోడ్‌ను సర్వర్లలోకి చేర్చే పద్ధతిలోనే లోపం ఉంది. అయినా మూల ప్రశ్న మాత్రం ఒకటే: ‘ప్రస్తుతం ఎక్కడ ఏ వెర్షన్ నడుస్తోంది? తేడా వస్తే వెనక్కి ఏ వెర్షన్‌కు వెళ్లాలి?’ ఈ రెండింటికీ క్షణంలో జవాబు చెప్పగలిగేలా కోడ్‌ను ఉంచుకోవడమే రిలీజ్ నిర్వహణ. చిన్న స్టార్టప్‌లోనైనా, పెద్ద ఐటీ సంస్థలోనైనా అవసరమయ్యే విద్య ఇది.

జెండా కదులుతుంది.. మైలురాయి కదలదు

ముందు పునాది సరిచూసుకుందాం. గిట్ వేరు, గిట్‌హబ్ వేరు. గిట్ అనేది మీ కంప్యూటర్‌లో పనిచేసే వెర్షన్ కంట్రోల్ సాధనం. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. అంతవరకూ లైనక్స్ బృందం ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే సాధనం ఇక ఉచితంగా దొరకని పరిస్థితి రావడమే కారణం. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ వంటివి గిట్ రిపాజిటరీలను ఆన్‌లైన్‌లో ఉంచుకునే చోట్లు.

మీరు కమిట్ చేసిన ప్రతిసారీ ప్రాజెక్టు మొత్తం ఆ క్షణంలో ఎలా ఉందో గిట్ భద్రపరుస్తుంది. దానికి అక్షరాలు, అంకెలు కలిసిన 40 స్థానాల గుర్తు ఒకటి ఇస్తుంది. ప్రతి కమిట్‌కూ తన ముందున్న కమిట్ ఏదో తెలుసు. అలా గొలుసు తయారవుతుంది.

బ్రాంచ్ అంటే కోడ్ మొత్తానికి మరో కాపీ అనుకుంటారు చాలామంది. నిజానికి అది ఏదో ఒక కమిట్‌ను చూపించే చిన్న గుర్తు మాత్రమే. మీరు కొత్త కమిట్ చేయగానే ఆ గుర్తు ముందుకు జరిగి దాన్ని చూపిస్తుంది. నడిచేవాడి చేతిలోని జెండా లాంటిదన్నమాట. మనిషి ఎంత దూరం వెళ్తే జెండా అంత దూరం వెళ్తుంది.

ట్యాగ్ కూడా కమిట్‌ను చూపించే గుర్తే. కాకపోతే జరగదు. దారి పక్కన పాతిన మైలురాయిలా ఉన్నచోటే ఉంటుంది. ‘మార్చిలో కస్టమర్‌కు పంపిన కోడ్ ఇదీ’ అని వేలు పెట్టి చూపించాలంటే మైలురాయే కావాలి. జెండా ఈపాటికి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది.

అందుకే సూత్రం ఇలా గుర్తుపెట్టుకోండి: జరుగుతున్న పనికి బ్రాంచ్, పూర్తయి బయటికి వెళ్లిన దానికి ట్యాగ్.

ట్యాగ్‌లు రెండు రకాలు. కమిట్‌కు ఊరికే ఓ పేరు తగిలిస్తే లైట్‌వెయిట్ ట్యాగ్. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న వివరాలు కూడా దాచేది యానొటేటెడ్ ట్యాగ్. రిలీజ్‌కు ఎప్పుడూ రెండోదే వాడాలి. ఇంకో సంగతి.. మామూలుగా ‘గిట్ పుష్’ కొడితే ట్యాగ్‌లు వాటంతట అవి సర్వర్‌కు వెళ్లవు. ట్యాగ్ పేరు చెప్పి ప్రత్యేకంగా పుష్ చేయాలి. ‘నా కంప్యూటర్‌లో ట్యాగ్ ఉంది, గిట్‌హబ్‌లో కనిపించడం లేదేంటి?’ అని కొత్తవారు తికమకపడేది ఇక్కడే.

మూడు అంకెల భాష

వెర్షన్ నంబర్లు చాలాచోట్ల 2.4.1 తరహాలో మూడు అంకెలుగా కనిపిస్తాయి. దీని వెనుక ‘సెమాంటిక్ వెర్షనింగ్’ అనే పద్ధతి ఉంది. గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ దీన్ని రాశారు.

మీ కాలేజీ హాజరు యాప్‌నే ఉదాహరణగా తీసుకోండి. వెర్షన్ 1.0.0 బయటికి వెళ్లింది.

• హాజరు శాతం లెక్కలో తప్పు సరిదిద్దారు. కొత్తగా ఏమీ చేర్చలేదు. అప్పుడు చివరి అంకె మారుతుంది: 1.0.1. దీన్ని ప్యాచ్ అంటారు.

• తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ వెళ్లే సదుపాయం చేర్చారు. పాతవన్నీ ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. అప్పుడు మధ్య అంకె మారుతుంది: 1.1.0. ఇది మైనర్.

• డేటా ఇచ్చే పద్ధతే మార్చేశారు. మీ యాప్ నుంచి వివరాలు తీసుకునే పరీక్షల విభాగం సాఫ్ట్‌వేర్ ఇకపై పాత పద్ధతిలో పనిచేయదు. అప్పుడు మొదటి అంకె మారాలి: 2.0.0. ఇది మేజర్.

అంటే నంబర్ చూడగానే ‘అప్‌డేట్ చేసుకుంటే మా పని ఆగిపోతుందా?’ అన్న అనుమానం తీరాలి. అందరూ ఈ పద్ధతినే పాటిస్తారని అనుకోవద్దు. లైనక్స్‌లో మొదటి అంకె మారినంత మాత్రాన పెద్ద మార్పు జరిగిందని అర్థం కాదు. చేరిన కంపెనీలో ఏ పద్ధతి ఉందో మొదటి వారమే అడిగి తెలుసుకోండి.

ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇదీ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హాజరు యాప్ 1.0.0 ట్యాగ్‌తో విడుదలై నడుస్తోంది. మెయిన్ బ్రాంచ్‌లో ఎస్సెమ్మెస్ ఫీచర్ సగం చేరింది. ఇంతలో ఫిర్యాదు వచ్చింది. ఓ విద్యార్థికి ఉన్నది 74.6 శాతం. యాప్ మాత్రం రౌండ్ చేసి 75 అని చూపిస్తోంది. పరీక్షకు 75 శాతం తప్పనిసరి అయినచోట ఇది చిన్న విషయం కాదు. యాప్‌ను నమ్ముకుని ధీమాగా ఉన్న విద్యార్థికి ఆఫీసులో కండొనేషన్ ఫీజు కట్టమంటారు. ఈ రోజే సరిచేయాలి.

మెయిన్‌లో సరిచేసి అదే పంపితే సగం రాసిన ఎస్సెమ్మెస్ కోడ్ కూడా వెళ్లిపోతుంది. ఫీచర్ పూర్తయ్యేదాకా ఆగితే ఫిర్యాదులు పెరుగుతాయి. మరి దారేది?

1. చేతిలో ఉన్న పనిని భద్రం చేయండి. కమిట్ చేయని మార్పులుంటే మీ ఫీచర్ బ్రాంచ్‌లో కమిట్ చేయండి. లేదా ‘స్టాష్’తో తాత్కాలికంగా పక్కన పెట్టండి.

2. మైలురాయి దగ్గరికి వెళ్లండి. 1.0.0 ట్యాగ్ నుంచి ‘హాట్‌ఫిక్స్’ పేరుతో కొత్త బ్రాంచ్ తీయండి. ‘గిట్ స్విచ్’ ఆదేశానికి క్రియేట్ ఆప్షన్ జతచేసి, కొత్త బ్రాంచ్ పేరు, దాని తర్వాత ట్యాగ్ పేరు ఇస్తే చాలు. బ్రాంచ్ తీయకుండా నేరుగా ట్యాగ్ మీదికి వెళ్తే ‘డిటాచ్డ్ హెడ్’ అని గిట్ హెచ్చరిస్తుంది. అక్కడ చేసిన కమిట్లు ఏ బ్రాంచ్‌లోనూ ఉండవు. తర్వాత వెతుక్కోవడం తలనొప్పి.

3. తప్పు ఒక్కటే సరిచేయండి. ‘ఎలాగూ ఫైల్ తెరిచాం కదా’ అని పక్కనున్న ఫంక్షన్ పేర్లు మార్చడం, రంగులు దిద్దడం వద్దు. ప్యాచ్ ఎంత చిన్నగా ఉంటే పరీక్షించడం అంత తేలిక.

4. పరీక్షించండి. 74.4, 74.6, 75.0.. ఈ మూడు విలువలతోనూ సరిగ్గా చూపిస్తోందా? మీరు కాక ఇంకొకరు కూడా చూడాలి.

5. కొత్త ట్యాగ్ పెట్టండి: 1.0.1. దాన్ని పుష్ చేసి, ఆ ట్యాగ్ నుంచే బిల్డ్ చేసి విడుదల చేయండి.

6. సరిచేసిన మార్పును మెయిన్‌లోకి తెచ్చుకోండి. హాట్‌ఫిక్స్ బ్రాంచ్‌ను మెయిన్‌లో మెర్జ్ చేయొచ్చు. లేదా ఆ ఒక్క కమిట్‌నే ‘చెర్రీ-పిక్’ చేయొచ్చు.

చాలామంది అభ్యర్థులు అయిదో మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఆరోది మర్చిపోతే ఏమవుతుంది? మెయిన్‌లో పాత తప్పు అలాగే ఉంటుంది. నెల తర్వాత ఎస్సెమ్మెస్ ఫీచర్‌తో 1.1.0 విడుదలవుతుంది. సరిచేశామని చెప్పిన తప్పు తిరిగి ప్రత్యక్షమవుతుంది. ‘పోయిన నెలే కదా బాగుచేశామన్నారు?’ అని కస్టమర్ అడిగితే బృందం మొత్తం తలదించుకోవాలి. ఇంటర్వ్యూలో ఈ ఆరో మెట్టును మీ అంతట మీరే చెప్పగలిగితే, గిట్‌ను నిజంగా వాడినవారని అవతలివారికి అర్థమవుతుంది.

మీ జేబులోనే ఉంది ఉదాహరణ

ఇదంతా పుస్తకాల సంగతి అనుకోకండి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే సెటింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’కు వెళ్లి కెర్నెల్ వెర్షన్ చూడండి. 5.10, 5.15, 6.1 వంటి అంకెలు, వాటి తర్వాత మూడో అంకె కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌కు అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అతి పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఒకటైన దాని విడుదలలన్నీ బ్రాంచ్‌లు, ట్యాగ్‌ల మీదే నడుస్తాయి.

లైనక్స్‌కు మెయిన్‌లైన్ అనే ప్రధాన శాఖ ఉంటుంది. ఒక వెర్షన్ వెలువడగానే సుమారు రెండు వారాలు ‘మెర్జ్ విండో’ తెరుస్తారు. కొత్త ఫీచర్లు చేరాల్సింది అప్పుడే. ఆ తర్వాత తలుపులు మూసేసి ఆర్‌సీ1 ట్యాగ్ పెడతారు. ఆర్‌సీ అంటే రిలీజ్ క్యాండిడేట్. అక్కడి నుంచి దాదాపు వారానికొకటి చొప్పున ఆర్‌సీ2, ఆర్‌సీ3 వస్తాయి. వాటిలో ప్రధానంగా తప్పుల దిద్దుబాటే ఉంటుంది. సాధారణంగా ఆర్‌సీ7 లేదా ఆర్‌సీ8 తర్వాత అసలు వెర్షన్ వెలువడుతుంది. మొత్తం 9, 10 వారాల చక్రం ఇది. ఫీచర్ ఎంత గొప్పదైనా విండో మూసుకున్నాక వస్తే వచ్చే రైలు కోసం ఆగాల్సిందే.

విడుదలైన వెర్షన్ కోసం స్టేబుల్ బ్రాంచ్ వేరుగా తీస్తారు. ఉదాహరణకు 2022 డిసెంబరులో 6.1 వచ్చింది. దాని స్టేబుల్ బ్రాంచ్ నుంచి 6.1.1, 6.1.2 ఇలా దిద్దుబాటు విడుదలలు వరుసగా వచ్చాయి. మీ ఫోన్‌లో కనిపించిన మూడో అంకె అర్థం ఇదే.

ఇక్కడ లైనక్స్ బృందం పాటించే ఓ కట్టుబాటు ఉంది. దిద్దుబాటు ముందు మెయిన్‌లైన్‌లో చేరాలి. ఆ తర్వాతే స్టేబుల్ బ్రాంచ్‌లోకి తేవాలి. హాజరు యాప్‌లో మనం చేసినదానికి ఇది తిరగేసిన దారి. ఎందుకంటే మెయిన్‌లైన్‌లో ముందే చేరిపోతే ‘ఆరో మెట్టు’ మర్చిపోయే ప్రమాదమే ఉండదు. రెండు దారులూ వాడుకలో ఉన్నాయి. ఏది ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలగడం ముఖ్యం.

ఏ పద్ధతి మంచిది?

ఇంటర్వ్యూల్లో వినిపించే మరో మాట ‘బ్రాంచింగ్ స్ట్రాటజీ’. ప్రధానంగా రెండు ధోరణులు తెలిస్తే చాలు.

గిట్ ఫ్లో: విన్సెంట్ డ్రీసెన్ 2010లో ప్రతిపాదించారు. విడుదలైన కోడ్‌కు ఒక బ్రాంచ్, జరుగుతున్న పనికి ‘డెవలప్’ బ్రాంచ్, వీటికి తోడు ఫీచర్, రిలీజ్, హాట్‌ఫిక్స్ బ్రాంచ్‌లు ఉంటాయి. ఒకే సమయంలో పలు వెర్షన్లు కస్టమర్ల దగ్గర నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఇది సరిపోతుంది.

మెయిన్ ఆధారిత పద్ధతి: ఒకటే ప్రధాన బ్రాంచ్. చిన్న చిన్న ఫీచర్ బ్రాంచ్‌లు తీసి, ఒకటి రెండు రోజుల్లోనే కలిపేస్తారు. రోజుకు అనేకసార్లు అప్‌డేట్ అయ్యే వెబ్‌సైట్లకు ఇది నప్పుతుంది.

గిట్ ఫ్లో రూపొందించిన డ్రీసెనే 2020లో తన వ్యాసానికి ఓ గమనిక చేర్చారు. నిరంతరం విడుదలయ్యే వెబ్ సాఫ్ట్‌వేర్ అయితే ఇంతకన్నా సరళమైన పద్ధతి ఎంచుకోమని అందులో సూచించారు. కాబట్టి ‘ఏది బెస్ట్?’ అని అడిగితే గబుక్కున ఒక పేరు చెప్పేయకండి. ‘ఎన్ని వెర్షన్లను ఒకేసారి చూసుకోవాలి? ఎన్నాళ్లకోసారి విడుదల చేస్తారు?’ అన్నదాన్ని బట్టి అని చెప్పి, ఆపై వివరించండి.

ఈ ప్రశ్నలకు సిద్ధమవ్వండి

• పెట్టిన ట్యాగ్‌ను మరో కమిట్ మీదికి మార్చొచ్చా?
సాంకేతికంగా వీలవుతుంది. బయటికి వెళ్లిన ట్యాగ్‌ను మాత్రం మార్చకూడదు. ఇప్పటికే దాన్ని తెచ్చుకున్నవారి దగ్గర పాతదే ఉంటుంది. ఒకే పేరుతో రెండు వేర్వేరు కోడ్‌లు తిరుగుతాయి. తప్పు జరిగితే కొత్త నంబర్‌తో మరో ట్యాగ్ పెట్టడమే మర్యాద.

• రివర్ట్‌కూ రీసెట్‌కూ తేడా?
రివర్ట్ పాత మార్పును రద్దుచేస్తూ కొత్త కమిట్ చేస్తుంది. చరిత్ర చెరగదు. రీసెట్ బ్రాంచ్ గుర్తునే వెనక్కి జరుపుతుంది. నలుగురూ వాడే బ్రాంచ్‌లో రివర్టే క్షేమం.

• మెర్జ్, రీబేస్?
మెర్జ్ రెండు దారులను కలుపుతుంది. రీబేస్ మీ కమిట్లను కొత్త పునాది మీద మళ్లీ రాస్తుంది. అందుకే ఇతరులు వాడుతున్న బ్రాంచ్‌ను రీబేస్ చేయకూడదు.

• నడుస్తున్న యాప్ ఏ కోడ్ నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది?
‘గిట్ డిస్క్రైబ్’ ఆదేశం దగ్గర్లోని ట్యాగ్ పేరు, దాని తర్వాత ఎన్ని కమిట్లు అయ్యాయో చెబుతుంది. బిల్డ్ చేసేటప్పుడు దీన్ని యాప్‌లోని ‘అబౌట్’ పేజీలో కనిపించేలా చేయొచ్చు. టెస్టింగ్ ఉద్యోగాలకు వెళ్లేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. వెర్షన్ రాయని బగ్ రిపోర్ట్ డెవలపర్‌కు పెద్దగా ఉపయోగపడదు.

ఈ వారంలోనే చేసి చూడండి

ఇవి చదివితే వచ్చేవి కావు. చేతితో చేస్తేనే వస్తాయి. ఇందుకు పెద్ద ప్రాజెక్టేమీ అక్కర్లేదు. మీ మినీ ప్రాజెక్టు చాలు. పక్కన ఓ ఫ్రెండ్ ఉంటే ఇంకా మంచిది.

మొదటి రోజు: ప్రాజెక్టును గిట్‌హబ్‌లో పెట్టండి. పాస్‌వర్డ్‌లు, కీలు ఉన్న ఫైళ్లు లోపలికి వెళ్లకుండా ‘గిట్‌ఇగ్నోర్’ జాబితాలో చేర్చండి. ఒకసారి కమిట్ అయిన పాస్‌వర్డ్ ఫైల్‌ను తర్వాత తీసేసినా పాత కమిట్లలో మిగిలే ఉంటుంది.

రెండో రోజు: నడుస్తున్న స్థితిలో ఉన్న కోడ్‌కు 1.0.0 అని యానొటేటెడ్ ట్యాగ్ పెట్టి పుష్ చేయండి. గిట్‌హబ్‌లో దాన్ని ‘రిలీజ్’గా మార్చి, ఏమేం ఉన్నాయో నాలుగు వాక్యాలు రాయండి.

మూడు, నాలుగు రోజులు: ఫీచర్ బ్రాంచ్ తీసి కొత్త పని మొదలుపెట్టి, సగం మెయిన్‌లో కలపండి. కావాలనే అసంపూర్తిగా వదిలేయండి.

అయిదో రోజు: 1.0.0లో తప్పు వెతికి ఇష్యూ రాయమని ఫ్రెండ్‌ను అడగండి. పైన చెప్పిన ఆరు మెట్లూ ఎక్కి 1.0.1 విడుదల చేయండి. మీ మార్పును పుల్ రిక్వెస్ట్‌లో అతను పరిశీలించాలి. ఆ తర్వాత పాత్రలు మార్చుకోండి.

ఆరో రోజు: ఫీచర్ పూర్తిచేసి 1.1.0 విడుదల చేయండి. పాత తప్పు తిరిగి రాలేదని సరిచూసుకోండి.

ఏడో రోజు: ఆ రిపాజిటరీని కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, 1.0.0 ట్యాగ్ దగ్గరికి వెళ్లి నడపండి. నడిచిందంటే మీ మైలురాయి గట్టిగా పాతుకున్నట్టే.

లోతుగా చదవాలనుకుంటే స్కాట్ చాకన్, బెన్ స్ట్రాబ్ రాసిన ‘ప్రో గిట్’ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి మూడు అధ్యాయాలు చదివినా బ్రాంచ్‌లు, ట్యాగ్‌ల మీద పట్టు వస్తుంది.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘నైపుణ్యాలు: గిట్’ అని ఒక్క ముక్క రాస్తే అందరిలో కలిసిపోతారు. ‘హాజరు యాప్‌కు మూడు వెర్షన్లు విడుదల చేశాం, 1.0.0లోని లెక్క తప్పును హాట్‌ఫిక్స్ ద్వారా సరిచేసి 1.0.1గా ఇచ్చాం’ అని రాసి పక్కన లింకు ఇవ్వండి. చేసింది మాత్రమే రాయండి. గిట్‌హబ్‌లో కమిట్ తేదీలు, ట్యాగ్‌లు, రిలీజ్ నోట్స్ అన్నీ కనిపిస్తాయి. రిక్రూటర్ లింకు నొక్కితే మీరు రాసింది నిజమేనని తేలిపోవాలి.

సీఎస్ఈ కాని విద్యార్థులకూ ఇది మంచి అవకాశమే. కోడింగ్‌లో ఇంకా పట్టు రాకపోయినా రిలీజ్ క్రమశిక్షణ నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. టెస్టింగ్, డెవాప్స్, సపోర్ట్ ఉద్యోగాల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న ‘ఇది ఏ వెర్షన్?’ అన్నదే. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పడం కాలేజీ దాటకముందే అలవాటైతే, ఉద్యోగంలో మొదటి రిలీజ్ రోజున మీ చేయి వణకదు.